మూడో గది ఆకుపచ్చగానే ఉంది

"ఈ ఇంట్లో ఉండేది నలుగురం. నలుగురిలో ఎవరో ఒకరు చెయ్యి పెట్టిండాల, ల్యాకుంటే సిద్దమ్మ పెట్టిండాల. పిల్లి వచ్చి మూత తీసుకొని ఆవకాయ వేసుకోదు గదా!"

కాఫీల దగ్గర మొదలైన పంచాయితీ టిఫిన్ల వేళకు కూడా తెగలేదు. రాజ్యలక్ష్మమ్మ పెద్ద జాడీని నడింట్లోకి మోసుకొచ్చి పీట మీద పెట్టింది. మూత తీస్తే ఆవకాయ మీద, నూనె తేలాల్సిన చోట, తెల్లటి బూజు పాలమీగడలా పరుచుకొని ఉంది.

ఆ ఇంట్లో ఊరగాయకు ఒక కట్టడి ఉంది. పెద్ద జాడీలో రాజ్యలక్ష్మమ్మ చెయ్యి తప్ప ఇంకొకరి చెయ్యి పడకూడదు. పొడి బట్టతో తుడిచిన గరిటెతో ఆమే కావలసినంత తీసి చిన్న గిన్నెలో వేస్తుంది. మిగిలినవాళ్లు ఆ గిన్నెలోది తినాలి. గిన్నె ఖాళీ అయితే ఆమెను అడగాలి. ఆమె పూజలో ఉంటే లేచేదాకా ఆగాలి. ఆకలి ఎవరిదైనా, వచ్చిన చుట్టం ఎంత పెద్దవాడైనా ఇదే పద్ధతి. కాపురానికి వచ్చిన కొత్తలో కోడలు శ్రీవాసవికి ఇదంతా చాదస్తంగా తోచింది. ఏడాది తిరిగినా రంగు మారని ఆవకాయ తిన్నాక ఆ మాట మనసులో కూడా అనుకోవడం మానేసింది.

"అమ్మా, పైన బూజు తీసేసి, నూనె కాచి పోస్తే సరిపాయె. దీనికింత రచ్చ ఎందుకు?" తేజేశ్వర్ ప్లేటులో బొరుగుల ఉగ్గాని కలుపుకుంటూ అన్నాడు.

"నీకేమిరా, నోట్లో పడితే చాలు. ఎండలో ముక్కలు కోసి, తుడిచి, ఆరబెట్టిన నడుముకు తెలుస్తాది. శ్రావణమాసం, గాలిలో తేమ ఉండాది. ఒక్క చుక్క నీళ్లు తగిలినా చాలు, మొత్తం పోతాది."

వరండాలో పేపరు చదువుతున్న రామసుబ్బయ్య గొంతు సవరించుకున్నాడు. శ్రీవాసవి అటు చూడకుండా పొయ్యి మీద పాలు చూసింది. ఎవరూ లేని ఒక మధ్యాహ్నం మామ రామసుబ్బయ్య ఆ జాడీ దగ్గర నిలబడి ఉండటం ఆమె చూసింది. బీపీ అని డాక్టరు ఊరగాయ మానిపించాడు. ఆయన చేతిలో మజ్జిగ తాగిన స్పూను ఉంది. ఆమెను చూసి, వేలు పెదవుల మీద పెట్టుకొని, చిన్నపిల్లవాడిలా నవ్వాడు. ఆమె కూడా నవ్వేసి వచ్చేసింది.

"సిద్దమ్మా!" రాజ్యలక్ష్మమ్మ పెరటివైపు తిరిగింది. "మొన్న సామాన్లు సర్దేటప్పుడు నువ్వే గదా లోపలికి పోయింది?"

పెరట్లో గిన్నెలు తోముతున్న సిద్దమ్మ చెయ్యి ఆగింది. "నేనా పెద్దమ్మా? తోమిన బోకులు గడపకాడ పెట్టి వచ్చేస్తా గదా. ఆ గదిలోకి కాలే పెట్టను."

"నువ్వు పెట్టక, నేను పెట్టక, బూజు దానంతటదే వచ్చిండాదా? రేపట్నుంచి వంటింటి పక్క రావొద్దు."

సిద్దమ్మ తోమినవి తోమినట్టు, తోమనివి తోమనట్టు వదిలి, కొంగుకు చేతులు తుడుచుకొని పెరటి తలుపులోంచి వెళ్లిపోయింది. మామ పేపరు తిరగేశాడు. శ్రీవాసవి పొయ్యి కట్టేసింది. ఇప్పుడు చెప్పాలి, అనుకుంది. ఎలా మొదలుపెట్టాలా అని ఆలోచిస్తుండగానే తేజేశ్వర్ ఫోను మోగింది.

ఫోనులోని గొంతు వంటింటిదాకా వినిపించింది. "చిన్నసెట్టీ, నేను గిడ్డమ్మను. మా ఆయప్ప మూడో గదిలో పడిపోయినాడు. లెయ్యడం ల్యా. బిన్నా రా సెట్టీ!"

* * *

వేంపల్లెలో రామసుబ్బయ్య కుటుంబానిది తరతరాలుగా కిరాణా వ్యాపారం. అరటికాయలు మాగబెట్టే యూనిట్ మాత్రం తేజేశ్వర్ పెట్టింది. పులివెందుల దారిలో రేకుల షెడ్డు, అందులో వరుసగా ఆరు చల్లని గదులు. పచ్చికాయల క్రేట్లు లోపల పేర్చి, తలుపులు బిగించి, మాగడానికి గ్యాసు వదులుతారు. కాయ మాగుతూ ఊపిరి వదులుతుంది. మూసిన గదిలో ఆ ఊపిరి పేరుకొని మనిషికి పనికిరాని గాలి అవుతుంది. అందుకే మధ్యమధ్య తలుపు తీసి, ఫ్యాను వేసి, ఆ చెడుగాలిని బయటికి పంపాలి. మొదట్లో పనివాళ్లు తలుపు తెరిచి, బయట కూర్చొని వక్కాకు నమిలి, ఆ తర్వాతే లోపలికి పోయేవాళ్లు.

తెర వచ్చాక ఆ వక్కాకు పోయింది.

ఆ తెర శ్రీవాసవిది. బెంగుళూరులో కొన్నేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, ఆ తర్వాత ఇంటినుంచి చేసి, చివరికి మానేసిన ఆమె యూనిట్ కోసం ఆ ప్రోగ్రాం రాసింది. గదుల ముందు గోడకు బిగించిన పెద్ద తెర మీద ఆరు గడులుంటాయి. గదిలోని మీటర్లు పంపే అంకెలు గడిలో కనిపిస్తాయి. గాలి బాగుంటే గడి ఆకుపచ్చ, చెడితే ఎరుపు. చదువురాని వాళ్లకు కూడా తెలియాలని రంగులు పెట్టింది ఆమే. యూనిట్ చూడటానికి ఎవరొచ్చినా తేజేశ్వర్ ముందు ఆ తెర దగ్గరికే తీసుకుపోతాడు. "మా వాసవి రాసిందే. గదిలో ఏం జరిగేదీ ఈడ్నుంచే చూడొచ్చు" అంటాడు. బద్వేలులో కొత్త యూనిట్ కడుతున్న మేనమామ కొడుకు రంగనాథ్‌కు కూడా ఆ ప్రోగ్రామే ఇచ్చాడు.

తేజేశ్వర్, శ్రీవాసవి వెళ్లేసరికి గిడ్డమ్మ మొగుడు ఓబుళేశును బయటికి లాగి సిమెంటు గచ్చు మీద పడుకోబెట్టారు. పెదవులు నల్లబడి ఉన్నాయి. గిడ్డమ్మ అట్టపెట్టె ముక్కతో విసురుతోంది. విసురుతూనే, "చూడు సామీ, కండ్లు తెరు, ఇటు చూడు" అంటోంది. హమాలీలు సాయం పట్టి కారులో పడుకోబెట్టారు. గిడ్డమ్మ ఎక్కబోతూ శ్రీవాసవి చెయ్యి పట్టుకుంది.

"తెర చూసే పోయినాడు చిన్నమ్మా. నా కండ్లారా చూసినా. పచ్చగానే ఉండాది, క్రేట్లు తిప్పి వస్తా అన్నాడు. నేను పొద్దున్నుంచి ఏమీ పెట్టల్యా ఆయప్పకు. శ్రావణ శనివారం, ఒక్కపొద్దు. నా మొక్కే."

కారు కడప వైపు వెళ్లిపోయింది. శ్రీవాసవి తెర ముందు నిలబడింది. ఆరు గడులూ ఆకుపచ్చగా ఉన్నాయి. మూడోదీ అంతే. తలుపు బార్లా తీసి ఇంతసేపయింది కాబట్టి గాలి బాగుండటంలో వింతేమీ లేదు. అతను లోపలికి పోయేటప్పుడు ఎలా ఉందన్నదే ఆమెకు కావాలి. అప్పుడు గదిలో ఏముందో తెలియదు. తెర మీద ఏముందో మాత్రం గిడ్డమ్మ చెప్పింది.

* * *

సాయంత్రానికి తేజేశ్వర్ తిరిగి వచ్చాడు. ఓబుళేశు కళ్లు తెరిచాడు. ఆక్సిజన్ పెట్టారు, ప్రాణానికి భయం లేదన్నారు. కానీ మాట ముద్దగా వస్తోంది, పెళ్లాం పేరు అడిగితే వాళ్లమ్మ పేరు చెబుతున్నాడు. కొన్నాళ్లు ఆసుపత్రిలోనే ఉండాలన్నారు.

"ఎట్ల జరిగిందంట?" రామసుబ్బయ్య అడిగాడు.

"ఒక్కపొద్దు నాయనా. వరలక్ష్మీ వ్రతం దగ్గరికొచ్చింది గదా, కాయకు తొందర ఎక్కువ. ఎప్పుడూ లేనంత సరుకు నింపినాం. వాడు పొద్దున్నుంచి మంచినీళ్లు కూడా ముట్టకుండా క్రేట్లు మోసినాడు. చల్లగదిలో కండ్లు తిరిగి పడినాడు. డాక్టరుకూ అదే చెప్పినా."

"అదే అయ్యుంటాది" అన్నాడు మామ. ఆ మాటతో ఇంట్లో అందరికీ కొంచెం ఊపిరాడినట్టయింది. రాజ్యలక్ష్మమ్మ గిడ్డమ్మకు ఫోను చేసి మందలించింది కూడా. "బరువులెత్తే మొగోన్ని ఖాళీ కడుపుతో పంపుతావా పిల్లా? దేవుడు అడిగినాడా? మొక్కు నీదైతే నువ్వుండాల గానీ!"

ఫోనులో గిడ్డమ్మ ఏడుపు గదంతా వినిపించింది. కర్నూలు పక్క కోసిగిలో వానల్లేక, ఏటా సుగ్గికని గుంటూరు మిరపచేలకు కూలికి వలసపోయే సంసారం వాళ్లది. ఈ షెడ్డులో పని ఏడాది పొడవునా నిలిస్తే, ఇద్దరం శ్రావణ శనివారాలు ఒక్కపొద్దు ఉంటామని ఆమె మొక్కుకుంది. "ఆయప్ప వద్దన్యాడమ్మా, నేనే ఉండమంటి. నా నోరే ఆయప్పను పడేసింది" అంది.

శ్రీవాసవి లేచి మేడమీద గదిలోకి వెళ్లి లాప్‌టాప్ తెరిచింది. తెరవకముందే ఏ పుటలో వెతకాలో ఆమెకు తెలుసు.

ప్రోగ్రాం నడుస్తున్నప్పుడు లోపల పనులు అనేకం ఒకేసారి సాగుతాయి. ఒక్కో పనిని త్రెడ్ అంటారు. మూడో గది మీటరును చదివేది ఒక త్రెడ్, నాలుగో గదిని చదివేది ఇంకొకటి. తెరను గీసేది మాత్రం ఒకే ఒక్క త్రెడ్. మిగిలినవేవీ తెరను ముట్టుకోకూడదు. తాము తెచ్చిన అంకెను దానికి అందించి పక్కకు తప్పుకోవాలి. అది తన వంతులో గీస్తుంది. తెర మీద గడులూ మీటలూ అక్షరాలూ తయారుచేసిచ్చే సామగ్రి ఎవరిదైనా, ఈ నియమం ఇంచుమించు ఒకటే. రెండు చేతులు ఒకేసారి పడితే ఏ గీత ఎక్కడ తెగుతుందో ఎవరూ చెప్పలేరు. బెంగుళూరులో కొత్తగా చేరిన పిల్లలకు ఆమే ఈ పాఠం చెప్పేది.

యూనిట్ ప్రారంభానికి ముందు సాయంత్రం తేజేశ్వర్ కంగారుపడ్డాడు. లారీకి గేటు చీటీ ప్రింటు ఇచ్చినప్పుడల్లా తెర కాసేపు బిగుసుకుపోయి, అంకెలు ఆలస్యంగా వస్తున్నాయి. "రేపు ఎమ్మెల్యే వస్తాడు, బ్యాంకోళ్లు వస్తారు. ఈ నత్తనడక చూస్తే నవ్వుతారు వాసవీ" అన్నాడు. కారణం ఆమెకు తెలుసు. చీటీ ప్రింటు చేసే పనిని కూడా తెరను గీసే త్రెడ్ నెత్తినే పెట్టింది. దాన్ని విడదీయాలంటే చాలా భాగం తిరగరాయాలి. అందుకని గదుల త్రెడ్లకు నేరుగా తెర మీద రాసే దారి ఇచ్చింది. అలా చేయగానే సామగ్రి హెచ్చరించింది. ఆ హెచ్చరికను ఆపే వాక్యం ఒకటుంది, ఒకే ఒక్క వరుస. అది రాయగానే ప్రోగ్రాం నోరు మూసుకుంది. తెర చకచకా కదిలింది. ప్రారంభం అయ్యాక తీరిగ్గా సరిచేద్దామనుకుంది. ప్రారంభం అయింది. తెర బాగానే నడిచింది. అన్ని నెలలు నడిచాక, సరిచేయాల్సింది ఏదో ఉందన్న సంగతే ఆమె మనసులో అడుగుకు పోయింది.

ఆ వరుస ఇప్పుడు కళ్లముందు ఉంది. ఓబుళేశు లోపలికి పోయేటప్పుడు గేటు దగ్గర లారీ ఉందా? ఆ వేళ తేజేశ్వర్ ఇంట్లో ఉన్నాడు కాబట్టి చీటీలు ఇచ్చింది గుమాస్తా. ఆమె అతనికి ఫోను చేసింది. "ఉన్నిందమ్మా, చెన్నై లారీ. చీటీలు ఒకదాని వెంబడి ఒకటి ఇస్తాంటి" అన్నాడు.

* * *

మరునాడు ఆదివారం. మగవాళ్లిద్దరూ యూనిట్‌కు పోయారు. శ్రీవాసవి లాప్‌టాప్‌ను కిందికి తెచ్చి నడింట్లో బల్ల మీద పెట్టుకుంది. యూనిట్‌లోని తెరే ఇక్కడ చిన్నగా కనిపిస్తోంది. గదుల మీటర్లకు బదులు ఆమె రాసిన ఉత్తుత్తి అంకెలు నడుస్తున్నాయి. పక్కనే ఇంకో చిన్న కిటికీలో ఆమె పంపిన అంకెలు పంపినట్టే పడుతుంటాయి. రెండూ ఒకటిగా ఉంటే తెర నిజం చెబుతున్నట్టు.

పొద్దున్నుంచీ ఒకటిగానే ఉన్నాయి. ఒక చేత్తో అంకెలు పెంచుతూ, ఇంకో చేత్తో చీటీ ఇస్తూ ఎంతసేపు కూర్చున్నా గడులు సరిగ్గా మారుతున్నాయి. తప్పు నాది కాదేమో, నిజంగా ఒక్కపొద్దేనేమో అన్న ఆశ ఒకటి ఆమె లోపల మెల్లగా తలెత్తింది. దాన్ని చూసి ఆమెకే సిగ్గేసింది.

"ఏం చేస్తాండావే పొద్దున్నుంచి? కండ్లు పోతాయి." రాజ్యలక్ష్మమ్మ చిక్కుడుకాయల చాటతో వచ్చి పక్కన కూర్చుంది.

"అత్తా, ఒక సాయం చేస్తావా? ఈ మీట నొక్కుతా ఉండు. ఆపకుండా."

"చిక్కుళ్లెవరు ఒలుస్తారు?"

"నేను ఒలుస్తాలే తర్వాత."

రాజ్యలక్ష్మమ్మ చెయ్యి కొంగుకు తుడుచుకొని, చూపుడువేలు జాగ్రత్తగా మీట మీద పెట్టింది. మొదట వేడి దోసె ముట్టినట్టు ముట్టింది. తర్వాత ఉత్సాహం వచ్చింది. చీటీ వెంబడి చీటీ పుడుతోంది. శ్రీవాసవి మూడో గదిలో చెడుగాలి పెంచుతూ పోయింది. గడి ఎర్రబడింది, తగ్గిస్తే ఆకుపచ్చ అయింది. మళ్లీ పెంచింది, మళ్లీ తగ్గించింది.

"ఇదేంది, ఈ గడి నిద్రపోయినట్టుంది?" అంది అత్త.

శ్రీవాసవి చూసింది. చిన్న కిటికీలో మూడో గది అంకె మనిషి నిలబడలేనంత పైకి పోయింది. తెర మీద మూడో గడి ఆకుపచ్చగా, చల్లగా, పాత అంకెతో అలాగే ఉంది. మిగిలిన అయిదూ కదులుతున్నాయి. మూలన గడియారం కూడా నడుస్తోంది. ఎవరు చూసినా తెర బాగుందనే అనుకుంటారు.

"ఆపు అత్తా. చాలు."

అత్త చెయ్యి తీసింది. కాసేపటికి ఆ గడి తనంతట తానే మేలుకుని ఎర్రబడింది. ఏమీ జరగనట్టు మిగిలినవాటితో కలిసిపోయింది.

"అంటే... ఓబుళేశు చూసినప్పుడు ఇట్లనే ఉన్నిందా?"

"ఇట్లనే ఉండిండాల. ఈ తెర ఒక్కరే రాయాలత్తా. మిగతావాళ్లు ఆ ఒక్కరికి చెప్పి, ఆగాలి. నేను ఆగకుండా అందరినీ చెయ్యి పెట్టనిచ్చినా. తొందరగా అయితాదని."

"జాడీ మాదిరే."

"జాడీ మాదిరే. దాన్లో అయితే బూజు కనిపిస్తాది. దీంట్లో కనిపించదు."

రాజ్యలక్ష్మమ్మ చాట ఒళ్లోకి లాక్కొని ఒక చిక్కుడుకాయ తీసింది కానీ ఒలవలేదు. శ్రీవాసవి గొంతు తగ్గించింది.

"జాడీలో చెయ్యి కూడా సిద్దమ్మది కాదత్తా."

"తెలుసులే." అత్త తల ఎత్తలేదు. "మజ్జిగ స్పూను వాసన నాకు తెలీదా? ఇన్నేండ్ల కాపురంలో ఆయప్ప చెయ్యి యాడ పడిందో నాకు తెలీదా? ఆయన్ని అనలేక దాన్నంటిని." చిక్కుడుకాయ నార పట్టుకొని ఒక్క లాగు లాగింది. "నిన్న ఫోన్లో ఆ పిల్లను గూడా అంటి. మొక్కు నీదైతే నువ్వుండాల అంటి. ఎట్ల ఏడ్చిందో!"

* * *

తేజేశ్వర్ భోజనానికి ముందే వచ్చాడు. శ్రీవాసవి అతనికి మేడమీద తెర చూపించి, జరిగింది జరిగినట్టు చెప్పింది. అతను కుర్చీలో వెనక్కి వాలాడు.

"సరిచెయ్. ఎవరు వద్దన్నారు? సరిచేసి రంగనాథ్‌కు కూడా కొత్తది పంపు. పాతదాంట్లో ఏమున్నిందో ఎవరికి కావాల?"

"సరిచేసేదానికి వారం పైనే పడుతుంది. రంగనాథ్ రేపే గదులు నింపుతాడంట."

"వారమా? ఆ పొద్దు ఒక్క పూటలో చేసిస్తివి గదా."

"ఒక్క పూటలో చేసింది ఇదే."

అతను ముఖం తుడుచుకున్నాడు. "వాసవీ, నేను నిన్ను తప్పు పట్టడం ల్యా. తొందరపెట్టింది నేనే. కానీ ఇప్పుడు పోయి చెప్తే ఏమైతాది? వాళ్లు కోసిగోళ్లు. ఊరోళ్లు పదిమందినేసుకొని గేటు ముందర కూర్చుంటారు. పండగ వారం. షెడ్డు నిండా కాయుండాది. వాణ్ని మనం చూసుకుంటాం, ఆసుపత్రి ఖర్చు మనదే, పనిచ్చేదీ మనమే. ఒక్కపొద్దున్నాడనేది అబద్ధం కాదు గదా?"

"కాదు. అందుకే అందరికీ అంత బాగా నచ్చింది."

"మరి?"

"గిడ్డమ్మ తనవల్లనే అనుకుంటాంది. ఆయప్ప మాట సరిగ్గా రాకపోతే, ఆ పిల్ల బతికినన్నాళ్లూ దేవుని పటం ముందర నిలబడలేదు. రంగనాథ్ షెడ్డులో వాళ్లకు ఒక్కపొద్దు కూడా ఉండదు. రేపు వాళ్లు పడితే ఏం చెప్తాం?"

కింద నుంచి అత్త అన్నానికి పిలిచింది. మెట్లు దిగుతూ తేజేశ్వర్, "నాయన దగ్గర ఇదంతా తియ్యొద్దు. సాయంత్రం ఆలోచిద్దాం" అన్నాడు. సాయంత్రం అంటే ఏమిటో ఆమెకు తెలుసు. ప్రారంభం అయ్యాక సరిచేద్దామనుకున్నప్పుడు తను కూడా అదే మాట అనుకుంది.

ఆమె కిందికి దిగలేదు. గుమాస్తాకు ఫోను చేసింది. రంగనాథ్‌కు చేసింది. రంగనాథ్ మొదట నవ్వాడు, "ఏందక్కా, నీ పనిలో తప్పా!" అన్నాడు. ఆమె నవ్వకపోయేసరికి ఆగి విన్నాడు. తర్వాత, "నువ్వు నాకు చెప్తాండేది బావకు తెలుసునా?" అని అడిగాడు. "తెలుస్తాది" అంది.

కింద పళ్లేలు వేసి ఉన్నాయి. రామసుబ్బయ్య పప్పు కలుపుకుంటున్నాడు. మధ్యలో ఊరగాయ చిన్న గిన్నె. రాజ్యలక్ష్మమ్మ బూజు తీసి, నూనె కాచి పోసి, బాగున్నంత మేరకు అందులోకి తీసింది. ఆ గిన్నెను మొగుడికి అందకుండా తన మోకాలి పక్కన పెట్టుకుంది.

శ్రీవాసవి అందరికీ చిక్కుడుకాయ కూర వడ్డించింది. మామకు నెయ్యి వేసింది. తర్వాత గరిటె గిన్నెలో పెట్టి, తన పళ్లెం ముందు కూర్చొని, అన్నంలో చెయ్యి పెట్టకుండా మాట్లాడింది. గొంతు పెద్దది చేయలేదు.

"మామా, అందరూ ఉన్నారని ఇప్పుడే చెప్తాండా. యూనిట్లో తెర ఆపించినా. అది సరైందాకా ఎవరూ దాన్ని చూసి గదిలోకి పోరు. ముందర మాదిరిగా తలుపు తీసి, ఫ్యాను వేసి, చేతి మీటరు పెట్టి చూసినాకనే పోవాల. ఇద్దరు పోవాల. పని నిదానం అయితాది, పండగకు కొన్ని గదుల కాయే బయటికొస్తాది. రంగనాథ్ తెర కూడా వాడొద్దని చెప్పినా."

తేజేశ్వర్ చెయ్యి పళ్లెంలో ఆగిపోయింది. మామ కోడలి ముఖం చూసి, కొడుకు ముఖం చూశాడు.

"ఎవర్నడిగి చెప్పినావమ్మా?"

"అడగల్యా మామా." ఆమె ఆగకుండా చెప్పుకుపోయింది. "ఓబుళేశు పడింది ఒక్కపొద్దు వల్ల కాదు. నేను రాసిన తెర వల్ల. సాయంత్రం బస్సుకు కడపకు పోతాండా. డాక్టరుకు చెప్తా, గాలి సంగతి తెలిస్తే వైద్యం మారుతాదేమో. గిడ్డమ్మకు చెప్తా. ఆ తర్వాత ఆ పిల్ల నన్నేమన్నా అననీ, ఎవర్ని పిలుచుకొని వచ్చినా రానీ."

పెరట్లో నిన్నటి గిన్నెలు కొన్ని ఇంకా తోమకుండా అలాగే ఉన్నాయి.

"నేనూ వస్తా" అంది రాజ్యలక్ష్మమ్మ, పళ్లెంలోకి చూస్తూనే. "పోయేటప్పుడు సిద్దమ్మ ఇంటి ముందర రోంతసేపు ఆగి పోదాం."